ఫిబ్రవరిలో ఎల్క్ వేట

కోల్డర్ లోయ, మోంటానా
జనవరి 9

అక్కా,

నువ్వు పంపిన పేపరు ముక్క అందింది. మిన్నెసోటా అసెంబ్లీ మెట్ల మీద, మంచులో, డెబ్భై రెండేళ్ళ ముసలమ్మ ఒకావిడ తుపాకుల చట్టం కావాలని అట్టముక్క ఎత్తిపట్టుకుని అరుస్తోంది. ఎవరో పాపం అనుకున్నాను. తీరా చూస్తే మా అమ్మ కూతురే! క్లిఫ్ బార్టెల్‌కి చూపించాను. నా పక్క పశువుల ర్యాంచి వాడు, గుర్తున్నాడా, నా పెళ్ళిలో డాన్సు చేస్తూ నీ కాలు తొక్కాడు. ఫొటో తిరగేసి మరగేసి చూసి, "తుపాకులకి లైసెన్సులు సరే, మీ అక్క గొంతుకి లైసెన్సు ఉందా?" అని అడిగాడు.

ఇక్కడి సంగతులు పెద్దగా లేవు. నీ మరదలు లోయిస్ పోయి నాలుగు నెలలైంది. పశువుల్ని అమ్మేశాను. ఈ చలిలో వాటికి గడ్డి వెయ్యడం నావల్ల కాలేదు. కుక్కని క్లిఫ్‌కి ఇచ్చేశాను. ఇంట్లో మాటా పలుకూ లేక అది రోజంతా నా మొహంలోకే చూస్తూ కూర్చునేది. లోయిస్ కుట్టిన నీలం బొంత నీకు పార్సిలు చేస్తున్నాను. నీకది ఇష్టం కదా, నీ దగ్గరుంటేనే బాగుంటుంది.

దగ్గు తగ్గడం లేదని పాస్టరుగారి భార్య వెర్నా నన్ను పట్నంలో ఆస్పత్రికి లాక్కెళ్ళింది. అక్కడ నర్సు ఓ కాగితం ఇచ్చింది. తొమ్మిది ప్రశ్నలు. 'పనుల మీద ఆసక్తి తగ్గిందా?' మోంటానాలో జనవరిలో ఏం పనులుంటాయో ముందు మీరు చెప్పండి అని రాశాను. 'నిద్ర పడుతోందా?' పాస్టరుగారి ప్రసంగంలో బ్రహ్మాండంగా పడుతోంది అని రాశాను. వెర్నా నా భుజం మీంచి చదివి మోచేత్తో పొడిచింది. 'ఆకలి ఎలా ఉంది?' నా వంట నేనే తింటున్నాను, మీరే ఊహించుకోండి అని రాశాను. తొమ్మిదో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పెన్ను రాయలేదు. వదిలేశాను. ఎవరూ చూసుకోలేదు. దగ్గుకి మందిచ్చి పంపేశారు.

నీ తమ్ముడు
ఆర్లెన్


మినియాపొలిస్
జనవరి 20

ఒరే ఆర్లెన్,

బొంత వచ్చింది. దాన్ని విప్పలేదు, కప్పుకోలేదు. పార్సిలు పార్సిలులాగే అలమరలో పెట్టాను. నీ వస్తువు నువ్వొచ్చి తీసుకెళ్ళు.

నేను ముప్ఫై ఏళ్ళు స్కూలు నర్సుగా చేశానని మర్చిపోయినట్టున్నావు. ఆ కాగితం నాకు కంఠతా వచ్చు. తొమ్మిదో ప్రశ్న చావు గురించి. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. పెన్నులన్నీ సరిగ్గా అక్కడే మొరాయిస్తాయిరా, నాకు తెలుసు.

పశువులు పోయాయి, కుక్క పోయింది, బొంత నా దగ్గరికి వచ్చింది. నెల్స్ బాబాయి కూడా ఇలాగే మొదలుపెట్టాడు. పిన్ని పోయిన ఏడాదే కొడవళ్ళు, గుర్రపు జీనులు, అన్నీ పంచేశాడు. వసంతం వచ్చేసరికి 'తుపాకి తుడుస్తుంటే పేలింది' అన్నారు. అందరూ తలూపారు. తుపాకి తుడుస్తూ పోయిన మగాళ్ళని లెక్కేస్తే, మన జిల్లా అంత శుభ్రమైన జిల్లా ఈ దేశంలో ఇంకోటి ఉండదు.

నాకు భయంగా ఉంది. నిన్ను కూడా పోగొట్టుకోలేను. నీ దగ్గర ఎన్ని తుపాకులున్నాయో వెంటనే రాయి. అన్నీ తీసుకెళ్ళి షెరీఫ్ ఆఫీసులో దాచమని ఇచ్చెయ్. ఇది అక్క మాట.

మార్గిట్


కోల్డర్ లోయ
జనవరి 30

అక్కా,

షెరీఫ్‌కి ఇవ్వాలా? పొద్దున ఇస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి లోయంతా తెలుస్తుంది, ఆర్లెన్‌కి మతి చెడిందని. మీ ఊళ్ళో ఇంటికి నాలుగు గొడుగులున్నట్టు మా ఊళ్ళో ఇంటికి నాలుగు తుపాకులుంటాయి. నావి మూడే. ఎల్క్ దుప్పిని కొట్టే రైఫిలు, బాతుల తుపాకి, నేల ఉడుతలకి చిన్న రైఫిలు. రాసుకున్నావా? ఇక నీ జడ్జిని పంపు, కాఫీ ఇస్తాను.

ఆ జడ్జి గురించే ఒక మాట. మీరు మెట్లెక్కి అరిచి తెచ్చుకుంటానంటున్న చట్టం ఏమిటి? మనిషి మనసు బాగోకపోతే కోర్టు వచ్చి తుపాకి పట్టుకుపోతుంది. మంచిదే. అప్పుడు మనసు బాగోలేదని డాక్టరుకి చెప్పే మగాడు ఎవడు? అందరం దగ్గు గురించే చెప్తాం. మీ చట్టం మా ప్రాణాలు కాపాడదు, మా నోళ్ళు మూయిస్తుంది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఆలోచించి అంటున్నదే.

నాకేమీ కాలేదు. మళ్ళీ ఈ ప్రస్తావన తెచ్చావంటే నీ ఉత్తరాలు విప్పకుండా పొయ్యిలో పెడతాను.

ఆర్లెన్


మినియాపొలిస్
ఫిబ్రవరి 6

తమ్ముడూ,

నువ్వే గెలిచావు. ముసలిదాన్ని, ఏదో వాగాను. ఇక ఆ మాట ఎత్తితే ఒట్టు.

వేరే సంగతి. ఊరికే కూర్చోలేక క్రిస్మస్ కార్డుల జాబితా సరిచేసుకుంటున్నాను. క్లిఫ్ పోస్టు పెట్టె నంబరు పాతదేనా? వెర్నాది కూడా పంపు. మీకు ఉత్తరాలు తెచ్చే అబ్బాయి, రస్టీ, అతని ఇంటిపేరేమిటి? అందరూ బాగుండాలని నా కోరిక.

ప్రేమతో
మార్గిట్


కోల్డర్ లోయ
ఫిబ్రవరి 27

అక్కా,

అడిగిన చిరునామాలు అప్పుడే పంపాను, అందే ఉంటాయి. ఫిబ్రవరిలో క్రిస్మస్ జాబితా! ముందుచూపు అంటే నీదే.

ఈ మధ్య మా లోయకి గాలేదో సోకింది. పోయిన సోమవారం క్లిఫ్ వచ్చాడు. వాకిట్లో నిలబడి బూట్లకున్న మంచు ఒక పావుగంట దులిపాడు. ఆనక, నేల చూపులు చూస్తూ, "నీ పెద్ద రైఫిలు కొన్నాళ్ళు అరువిస్తావా?" అన్నాడు.

"నీదేమైంది?"

"ఉంది. ఎల్క్ వేటకి ఇంకోటి కావాలి."

"ఇప్పుడా?"

"ఆఁ. ముందే సిద్ధంగా ఉండాలిగా."

ఇచ్చాను. మూడు కప్పుల కాఫీ తాగాడు. వెళ్తూ వెళ్తూ బండిలోంచి కుక్కని దింపాడు. "దీని గురక భరించలేకపోతున్నాంరా, నీదగ్గరే పడుండనీ" అన్నాడు. ఆ కుక్కకి గురక లేదు.

బుధవారం వెర్నా వచ్చింది. బంగాళాదుంపలు, మాంసం కలిపి ఓవెన్లో పెట్టిన పెద్ద గిన్నె ఒక చేత్తో, బైబిలు ఇంకో చేత్తో. "ఆర్లెన్, మీ బాతుల తుపాకి ఇస్తారా? బాతులు కొట్టాలని ఉంది" అంది. పాస్టరుగారి భార్య! కోడి గుడ్డు పగలగొట్టేటప్పుడు కూడా కళ్ళు మూసుకునే మనిషి. తుపాకిని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకుని పోయింది. బైబిలు ఇక్కడే మర్చిపోయింది. మర్చిపోయిందో, వదిలేసిందో.

శుక్రవారం రస్టీ నీ ఉత్తరం ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు. నేల ఉడుతలు తన పెరడంతా తవ్వేస్తున్నాయట, చిన్న రైఫిలు కావాలట. పెరట్లో మూడడుగుల మంచుంది. అదీ ఇచ్చాను. ఇప్పుడు నా గోడకి మూడు ఖాళీ మేకులు మిగిలాయి. టోపీలు తగిలించాను.

ఆర్లెన్


మినియాపొలిస్
మార్చి 6

తమ్ముడూ,

ఇరుగుపొరుగు అడిగినప్పుడు లేదనకుండా ఇచ్చావు, మంచి పని. వెర్నాలో ఇంత సాహసం ఉందని నాకూ తెలీదు. క్లిఫ్‌కి ఎల్క్ దొరికితే నాకో ముక్క పంపమను. ఈ నెలలో మాంసం మెత్తగా ఉంటుందంటారు.

ఏం తింటున్నావు? వెర్నా గిన్నె ఖాళీ అయిందా?

మార్గిట్


కోల్డర్ లోయ
మార్చి 18

మార్గిట్,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

ఎల్క్ వేట నవంబరు చివర ముగుస్తుంది. బాతుల వేట జనవరితో సరి. నేల ఉడుతలు మార్చి దాకా కన్ను తెరవవు. ఈ లోయలో పుట్టి, పద్దెనిమిదో ఏట పెట్టె సర్దుకుని పోయి, యాభై నాలుగేళ్ళు పట్నంలో ఉన్న మనిషికే ఈ మూడూ తెలీవు. క్లిఫ్ ఇంటికెళ్ళి, నీకు ఫలానావిడ ఉత్తరం రాసిందా అని అడిగాను. మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది. "ఏ వంకతో అడగాలో కూడా ఆవిడే రాసింది. తప్పని తెలుసు, కానీ రాసింది రాసినట్టే చెప్పాను" అన్నాడు. మీ కుట్ర సంగతి నాకు మొదటి రోజే తెలుసు. రాసింది నువ్వని రెండో రోజుకి తెలిసింది.

మరి తెలిసీ ఎందుకిచ్చానంటావా? వేళకాని వేళలో పొరుగువాడు తుపాకి అరువడిగితే ఎందుకని అడక్కూడదు. ఇచ్చెయ్యాలి. అది ఇక్కడి మర్యాద. ముప్ఫై ఏడేళ్ళ కిందట క్లిఫ్ కొడుకు ట్రాక్టరు కింద పడి పోయిన చలికాలం, నేను వాళ్ళింటికెళ్ళి "ఎలుగుబంట్ల బెడద ఎక్కువైంది, నీ తుపాకులన్నీ కావాలి" అన్నాను. జనవరిలో ఎలుగుబంట్లు గుహల్లో నిద్రపోతుంటాయని చంటిపిల్లలకీ తెలుసు. క్లిఫ్ ఒక్క ముక్క అడక్కుండా నాలుగూ తెచ్చి నా బండిలో పెట్టాడు. మే నెలలో తిరిగిచ్చాను. "దొరికాయా?" అన్నాడు. "లేదు" అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ ఊసే ఎత్తలేదు.

అది మా పద్ధతి. దానికి జడ్జి లేడు, కాగితం లేదు, అట్టముక్కలు పట్టుకుని అరవడాలు లేవు. దాన్ని ఎత్తుకెళ్ళి నా మీదే వాడావు. నా పొరుగువాళ్ళ చేత నాటకం ఆడించావు. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. నా ఇంటికొచ్చిన ప్రతివాడూ నా కళ్ళలో ఏదో వెతుకుతున్నాడు.

నాకు కొన్నాళ్ళు రాయకు.

ఆర్లెన్


మినియాపొలిస్
ఏప్రిల్ 2

ఆర్లెన్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నా మాట నువ్వు విన్నావా, నీ మాట నేను వినడానికి?

అవును, నేనే రాశాను. ఎలుగుబంట్ల సంగతి లోయిస్ నాకు ఆ చలికాలమే రాసింది. 'మా ఆయన వెళ్ళి క్లిఫ్ తుపాకులన్నీ మోసుకొచ్చి మంచం కింద దాచాడు. ఇంత మంచివాణ్ణి చేసుకున్నందుకు గర్వంగా ఉంది' అని రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. నువ్వు చేసింది చూసే నేను నేర్చుకున్నాను. వేట కాలాలు మాత్రం లోయిస్ రాయలేదు, అదే నా కొంప ముంచింది.

నువ్వు గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. మీ పద్ధతి బంగారం, ఒప్పుకుంటాను. మరి నెల్స్ బాబాయి ఇంటికి ఎవరూ ఎందుకు వెళ్ళలేదు? ఆయన కోపిష్టి కాబట్టి. పొరుగువాళ్ళతో కంచె తగాదా ఉంది కాబట్టి. మీ పద్ధతిలో బతకాలంటే ముందు నలుగురికీ నచ్చినవాడై ఉండాలి. మా బిల్డింగులో నాలుగో అంతస్తులో ఒకాయన ఉండేవాడు. లిఫ్టులో రోజూ కనపడేవాడు. ఆయనా నెల్స్ బాబాయిలాగే పోయాక, పేరు నాకు పేపర్లో చూశాకే తెలిసింది. ఆయనకి క్లిఫ్ లేడు, వెర్నా లేదు, అబద్ధాలాడే అక్క లేదు. అలాంటివాళ్ళ కోసమే నేను మెట్లెక్కి అరుస్తున్నాను. నీకోసం అరవక్కర్లేదు. నీకు లోయంతా ఉంది.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి, తిట్టు.

మార్గిట్


మినియాపొలిస్
మే 3

ఒరే,

నెల దాటింది. వెర్నాకి ఫోన్ చేశాను, బాగానే ఉన్నావంది. ఆవిడ చెప్పేది కాదు, నీ చేతి రాత కావాలి. ఒక్క గీత గీసి పంపినా చాలు. తిండి సయించడం లేదు నాకు.

అక్క


కోల్డర్ లోయ
మే 11

అక్కా,

ముందుగా ఒక అబద్ధం ఒప్పుకోవాలి. నా దగ్గర తుపాకులు మూడు కావు, నాలుగు. నేను పశువుల సంతలకి వెళ్ళినప్పుడు ఒంటరిగా భయమేస్తోందంటే లోయిస్‌కి ఒక రివాల్వరు కొనిపెట్టాను. వంటింట్లో పిండి డబ్బా వెనక పెట్టుకునేది. నీకు రాసేటప్పుడు దాన్ని మర్చిపోలేదు. కావాలనే రాయలేదు.

ఏప్రిల్ పన్నెండు మా పెళ్ళిరోజు. మధ్యాహ్నం దాన్ని తీసి టేబుల్ మీద పెట్టాను. కాఫీ కలుపుకుని ఎదురుగా కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. దీన్ని అరువడగడానికి ఎవరూ రారని అర్థమైంది, ఉన్నట్టు ఎవరికీ తెలీదు కదా. అడిగేవాడు రానప్పుడు ఇచ్చేవాడే బయల్దేరాలి. తువ్వాల్లో చుట్టి బండెక్కాను.

క్లిఫ్ సంతకి వెళ్ళాడు. వెర్నా ఇంటికి తాళం. రోడ్డు చివర పాత బడిలో ఒక్కచోటే పొగ కనపడింది. అక్కడ ఒక పిల్ల కుండలు చేసుకుంటూ ఉంటుంది. రెండేళ్ళ కిందట కాలిఫోర్నియా నుంచి వచ్చింది. మాంసం ముట్టదు. పేరు జూనిపర్. ఆ పేరు గల పొదని ఇక్కడి గొర్రెలు కూడా తినవు. నేను అప్పటిదాకా ఆ పిల్లతో మాట్లాడింది లేదు.

"అమ్మాయ్, ఇది కొన్నాళ్ళు అరువు పుచ్చుకుంటావా?" అని తువ్వాలు విప్పాను.

చేతుల నిండా బంకమట్టితో రెండడుగులు వెనక్కి వేసింది. "నాకెందుకండీ? నేను దోమని కూడా చంపను."

"చంపక్కర్లేదు. నీ దగ్గర ఉంచుకో, చాలు."

"ఎందుకు?"

"మా లోయలో అలా అడక్కూడదమ్మా."

"అయ్యో, నాకు తెలీదండీ." ఒక్క క్షణం నా మొహం చూసింది. "అయినా ఎందుకు? చచ్చిపోదామనుకుంటున్నారా?"

ఇంట్లో ఉప్పుందా అని అడిగినట్టు అడిగేసింది, అక్కా.

"అవును" అన్నాను.

ఆ మాట బయటికొచ్చిందో లేదో, ఆ పిల్ల మట్టి చేతులతోనే నన్ను పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. నాకంటే ముందు తనే ఏడ్చింది. ఏదో ఆకుల కషాయం కాచి ఇచ్చింది, గడ్డివాము నానబెట్టినట్టుంది, అయినా తాగాను. ఆనక బట్టీ దగ్గర వాడే మందపాటి తొడుగులు వేసుకుని, రివాల్వరుని పామునెత్తినట్టు ఎత్తి, తీసుకెళ్ళి బట్టీలో దాచబోయింది. మర్నాడు ఆ బట్టీ వెలిగించాలిట! లేచి అడ్డం పడ్డాను. తూటాలు తీసి దాన్ని ఆ పిల్లకే అప్పగించాక, ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆపలేకపోయాం. సెప్టెంబరు తర్వాత నేను నవ్వడం అదే మొదటిసారి.

అప్పటికప్పుడు తన డొక్కు కారులో నలభై మైళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జడ్జి రాలేదు. డాక్టరమ్మ వచ్చింది. ప్రతి మంగళవారం వెళ్తున్నాను. మాత్రలిచ్చింది, నోరు ఎండిపోతోంది. మాట్లాడిస్తుంది, అదే పెద్ద శిక్ష. రాయడానికి ఇన్నాళ్ళూ చెయ్యి ఆడలేదు. నిన్ను ఏడిపించాలని కాదు. పోయిన వారం క్లిఫ్ వచ్చి ఎల్క్ ఇంకా దొరకలేదన్నాడు. తొందరేం లేదు, ఇంకొన్నాళ్ళు వెతుక్కోమన్నాను.

నీ బిల్లు నాకిప్పటికీ నచ్చదు. నీ నాలుగో అంతస్తు మనిషికి ఏం జవాబు చెప్పాలో కూడా నాకు తెలీదు. మంగళవారాలు కారులో అదే ఆలోచిస్తున్నాను.

నీ మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు మిగిలింది. తొమ్మిదో ప్రశ్న కంఠతా వచ్చన్నావు. క్లిఫ్‌ని తుపాకి అడగమన్నావు, వెర్నాని అడగమన్నావు, పోస్టు మనిషిని అడగమన్నావు. నన్ను మాత్రం ఆ ప్రశ్న నువ్వు అడగలేదు. భయపడ్డావు. తప్పు పట్టడం లేదు. ఆ చలికాలం క్లిఫ్ తుపాకులన్నీ మోసుకొచ్చాను గానీ, నేనూ వాణ్ణి ఏమీ అడగలేదు.

నిన్న వెళ్ళి అడిగాను. "ఆ రోజుల్లో నీకు చచ్చిపోవాలనిపించిందా?" అని. ముప్ఫై ఏడేళ్ళు ఆలస్యంగా. వాడు పనిముట్లు కింద పెట్టాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, పొద్దుగూకే దాకా కొడుకు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ పిల్లాడికి ఈత వచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

నువ్వూ నన్ను అడుగు అక్కా. ఉత్తరం ఉత్తరానికీ అడుగు. నిజమే రాస్తాను.

నీ తమ్ముడు
ఆర్లెన్